మూడడుగుల నాలుగంగుళాల కుప్ప

ఆదివారం తొమ్మిదికి పెరట్లో చెత్త తగలబెట్టి, పదిన్నరకల్లా ఆర్పేసి, పదకొండుకి స్నానం చేయాలని అగ్నిమాపక కార్యాలయం గుమాస్తా పథకం వేసుకున్నాడు. కొట్టేసిన కొమ్మలు, ఎండుటాకులు రెండు వారాలుగా పెరడంతా ఆక్రమించుకుని ఉన్నాయి. బట్టలారేసే తీగ దగ్గరికి దారి లేక ఆయన భార్య తడి దుప్పట్లు హాల్లో కుర్చీల మీద ఆరేస్తోంది.

"ఒక్క అగ్గిపుల్ల పనికి ఎందుకండీ ఇంత హడావిడి?" అందామె.

"నీకేం తెలుసే? ఆరుబయట చెత్త కాల్చే నిబంధనలు రాసిందే నేను. రేపు అనుమతుల విభాగం హెడ్డుగా నా ఆర్డరు మీద సంతకం పడుతుంది. ఇవాళ నా పేరు మీద ఒక్క ఫిర్యాదు వచ్చిందా, ఆ కుర్చీ పక్క టేబులువాడికి పోతుంది."

ఇరుగుపొరుగుకి ముందే తెలియజేయాలన్నది మొదటి నిబంధన. ఇంకొకరైతే గోడ మీంచి ఒక కేకేసి చెప్పేవారు. ఈయన పదహారేళ్లుగా ఫైళ్లు రాస్తున్న మనిషి. ఎనిమిదింటికల్లా వీధిలో ప్రతి గేటుకీ కాగితం అంటించాడు.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, నేటి ఉదయం తొమ్మిది గంటలకు ఈ దిగువ చిరునామాలో చెత్త దహనం జరుగును. ఎండుటాకులు, రంగు గానీ పాలిష్ గానీ పూయని కట్టె మాత్రమే అనుమతించబడును."

తర్వాత ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేశాడు. "తొమ్మిదికి మొదలు. సరిగ్గా పదిన్నరకి ఆర్పేసి మళ్లీ చేస్తాను." ఫోను వంటింట్లో ఛార్జింగ్‌కి పెట్టి, నీళ్ల బకెట్టు పట్టుకుని పెరట్లోకి నడిచాడు.

అగ్గిపెట్టె తెరిచేలోగా గేటు కిర్రుమంది. తోపుడుబండి నిండా చెక్కముక్కలతో వడ్రంగి.

"ఎక్కడ దింపమంటారు సార్?"

"ఏంటయ్యా ఇది?"

"మీరే కదండీ, అనుమతించబడును అని అంటించారు! మన వీధికి ఆఫీసువాళ్లు ఇంత మంచి సదుపాయం పెట్టారని మా ఆవిడ ఒకటే మురిసిపోతోంది."

వడ్రంగి వెనకాల సగం వీధి ఉంది. అందరికన్నా ముందు, విరిగిన బెంచీ మోసుకుంటూ ఎదురింటి టీచరమ్మ. గుమాస్తా అడ్డంగా తలూపబోయాడు.

"ఏం బాబూ, కాగితం అంటించి పిలిచి, వచ్చాక పొమ్మంటావా? రేపే మీ ఆఫీసులో రాసిస్తాను!"

రాసిస్తాననగానే ఆయన అగ్గిపెట్టె జేబులో పెట్టేసుకున్నాడు. "అబ్బే, తీసుకుంటానండీ. అయితే నిబంధనల ప్రకారమే."

ఇక మొదలైంది. ప్రతి ముక్కా తిరగేసి, గోటితో గీకి, వాసన చూశాడు.

"ఈ బెంచీకి వార్నిష్ ఉంది."

"వార్నిష్ కాదు, మావారు ముప్పై ఏళ్లు కూర్చుంటే వచ్చిన నునుపు!"

"ప్లైవుడ్ కుదరదయ్యా. జిగురుంటుంది."

"చెట్టులోనూ జిగురుంటుంది కదండీ!" అన్నాడు వడ్రంగి.

వెనక్కి పోవాల్సినవి పోయినా కుప్ప పెరిగింది. టేపు పెట్టి కొలిచాడు. మూడడుగుల నాలుగంగుళాలు. మూడడుగులు దాటకూడదు.

"ఏవండీ, పైనున్న నాలుగు కొమ్మలు పక్కన పెడితే సరిపోదూ?" అంది భార్య.

"పక్కన పెడితే అది రెండో కుప్ప అవుతుందే! రెండింటి మధ్యా పదడుగులుండాలి. మన పెరటి వెడల్పే పదకొండు!"

ఈ కొలతల్లో పదిన్నర దాటిపోయింది. వంటింట్లో ఫోను మూడుసార్లు మోగి ఊరుకుంది.

అక్కడ స్టేషన్‌లో డ్యూటీవాడు పెద్దాఫీసరు గదిలోకి పరిగెత్తాడు. "సార్, మన గుమాస్తాగారు పదిన్నరకి చేస్తానన్నారు. పదీ ముప్పైనాలుగైంది. ఫోనెత్తడం లేదు."

ఆఫీసరు ముఖం పాలిపోయింది. "ఒంటిగంట కొట్టందే టిఫిను డబ్బా మూత తియ్యని మనిషయ్యా! నాలుగు నిమిషాలు ఆలస్యమంటే ప్రాణం మీదికొచ్చిందన్న మాటే. బండి తియ్యండి!"

సైరన్ మోత వీధిలోకి వచ్చింది. ఎవరేం చెప్పేలోగా నలుగురు గోడ దూకారు, గొట్టం విప్పారు. నిమిషంలో కుప్ప, వడ్రంగి, టీచరమ్మ, గుమాస్తా ఏకంగా తడిసి ముద్దయ్యారు.

ఆఫీసరు చుట్టూ చూశాడు. "మంటెక్కడయ్యా?"

"ఇంకా... పెట్టలేదండి."

"మరి ఈ గంటన్నరా ఏం వెలగబెట్టావ్?"

"కుప్ప నాలుగంగుళాలు ఎక్కువుంది సార్."

టీచరమ్మ నీళ్లు పిండుకుంటూ ముందుకొచ్చింది. "నేను ఫిర్యాదివ్వాలి. రాసుకోండి!"

గుమాస్తా కళ్లు మూసుకున్నాడు. పక్క టేబులువాడు ఆ కుర్చీలో కాళ్లూపుతూ కనిపించాడు.

"ఒకటి, పాలిష్ అని నా బెంచీ కాలనివ్వలేదు. రెండు, పాపం ఆ వడ్రంగిని ప్లైవుడ్ ముక్క కూడా వెయ్యనివ్వలేదు. మూడు, ఎంత బతిమాలినా నాలుగంగుళాలు వదల్లేదు. ఇలాంటి మనిషిని ఆఫీసులో ఎలా పెట్టుకున్నారండీ?"

ఆఫీసరు అంతా రాసుకుని, సంతకం చేయించుకుని, కాగితం జేబులో పెట్టుకున్నాడు.

"చాలా థ్యాంక్సమ్మా. ఈ పోస్టుకి ఎవరైనా సిఫారసు చేస్తే బాగుండునని వారం నుంచి చూస్తున్నాను."

సోమవారం గుమాస్తా హెడ్డు కుర్చీలో కూర్చున్నాడు. మొట్టమొదటి దరఖాస్తు ఆయన భార్యదే, పెరట్లో కుప్ప కాల్చుకోవడానికి అనుమతి కోరుతూ. కట్టెలు తడిగా ఉన్నందున తిరస్కరించడమైనదని రాసి, ముద్ర వేసి, సాయంత్రం స్వయంగా ఇంటికి పట్టుకెళ్లి ఇచ్చాడు.

ఆ పూట ఇంట్లో పొయ్యి కూడా వెలగలేదు.