మూకుట్లో వేగిన మూడేళ్ళు

తొమ్మిది గంటల బస్సుకి ఒంగోలు వెళ్ళి, పదకొండింటికల్లా తన ఎర్రపొడిని స్పెక్ట్రోమీటరులో పెట్టించాలన్నది ఆ ఉదయం పీహెచ్‌డీ చేస్తున్న రాగసుధ వేసుకున్న పథకం. ఆ పొడి ఇనుప ఆక్సైడు. కంప్యూటర్ సమాచారం దాచే టేపుల పూతకు పనికిరావాలంటే దానికి అయస్కాంత గుణం పట్టాలి. మూడేళ్ళుగా పట్టడం లేదు. ఇవాళ ఆ గుణం పట్టినట్టు యంత్రం గ్రాఫులో గీతలు పక్కకి జరగకపోతే అంశమే మార్చుకోమని గైడు సంజీవరావు గారు తేల్చి చెప్పేశారు. ల్యాబులో ఓవెను పాడైతే పొడిని సొంతూరు పొదిలి తెచ్చి ఎండలో ఆరబెట్టింది. స్టీలు డబ్బాకెత్తి, వంటింటి గట్టు మీద పెట్టి స్నానానికి వెళ్ళింది.

నాయనమ్మ బాలత్రిపురసుందరి మూత తీసింది. ఆ ఊళ్ళో డబ్బాలో ఎర్రపొడి ఉంటే అది కారమే. చిటికెడు తీసి వాసన చూసింది. ఘాటు లేదు. వీధిలోకొచ్చి ఎదుటి కారం మిల్లు గౌస్ బాషాని కేకేసింది.

"ఏం గౌసూ, ఇటికపొడి ఆడించి పంపావా?"

"ఎంత మాటన్నారు పెద్దమ్మగారూ! మీరిచ్చిన కాయే ఆడించా."

"మరి తుమ్మైనా రాలేదేం?"

"నూనెలో వెయ్యండి. వీధంతా దగ్గకపోతే మిల్లు మూసేస్తా!"

గౌస్ బాషా వంటింట్లోకే వచ్చాడు. మూకుడు పొయ్యెక్కింది. నూనెలో గరిటెడు పొడి పడింది. ఎవరూ దగ్గలేదు. "మంట చాల్లేదండీ," అన్నాడు గౌస్ బాషా, చెమట తుడుచుకుంటూ. మంట పెంచారు. వాకిట్లో జనం పోగయ్యారు. ఇక పరువు సంగతని గౌస్ బాషా డబ్బా మొత్తం బోర్లించాడు. నూనె మాడి పొగ లేచింది. ఎరుపు కాస్తా నల్లబడింది.

"అదిగో, దగ్గారు!" అన్నాడు.

"అది నూనె కమురయ్యా!"

రాగసుధ తడిజుట్టుతో పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆర్పేసింది. "నాయనమ్మా, అది నా థీసిస్!"

"థీసిస్‌ని వంటింట్లో ఎవరు పెట్టమన్నారే?"

"అంటే నా కారం మంచిదేగా?" అన్నాడు గౌస్ బాషా.

మూకుడు గీకి, ఆ మాడునే పొట్లం కట్టుకుని బస్సెక్కింది రాగసుధ. సంజీవరావు గారు దాన్ని చూసి మూతి విరిచారు. "ఎలాగూ మన వంతొచ్చింది, పెట్టు." నూనె కడిగి పెట్టింది. మూడేళ్ళుగా మొండికేసిన గీతలు పక్కకి జరిగి కూర్చున్నాయి. అయస్కాంతం దగ్గరికి తెస్తే పొడి ఎగిరి అంటుకుంది. పొడిలోని ఆక్సిజన్‌ని మాడిన నూనె కొంత లాగేసింది మరి.

"ఇదేం పద్ధతమ్మా?"

"ఘాటు పరీక్ష సార్."

"మళ్ళీ చేసి చూపించగలవా?"

ఆ వారం ల్యాబులో మూడుసార్లు చేశారు. నాయనమ్మ నూనె కొలిచింది, గౌస్ బాషా మంట చూసుకున్నాడు. మూడుసార్లూ అవే గీతలు. "పరిశోధన పేపరులో మొదటి పేరు నాది వేద్దాం," అన్నారు సంజీవరావు గారు.

పేపరు అచ్చయింది. ఆయన పేరు నాలుగోది, గౌస్ బాషా తర్వాత.