మా అత్తమ్మ గెలిచిన చెక్క బిళ్ల

బడిలో చదువు చెప్పడమనేది పాతకాలపు చాదస్తం. ఆ చాదస్తాన్ని వదిలించుకున్న బళ్లే పిల్లలను బాగుచేస్తాయని నేను గట్టిగా నమ్ముతున్నాను. కాదనేవాళ్లు ఒకసారి మా ఆర్మూరుకు రండి. మా అమ్మాయి రవళి మూడో తరగతి చదువుతున్న ఇంగ్లీషు మీడియం స్కూలు బస్టాండు వెనకే ఉంది. దాన్ని చూసి తర్వాత మాట్లాడండి.

ఆ స్కూలు నాలుగేళ్ల కిందటి దాకా పసుపు గోదాము. ఇప్పటికీ వాన పడితే గోడలు పసుపు వాసన వేస్తాయి. పొద్దున తెల్ల సాక్సులతో వెళ్లిన పిల్లలు సాయంత్రానికి పెళ్లికూతుళ్ల కాళ్లతో తిరిగొస్తారు. రోజూ ఆ సాక్సులను రాయికేసి బాదడం వల్ల మా వాడకట్టు ఆడవాళ్ల భుజాల నొప్పులన్నీ ఎగిరిపోయాయి. ఏ సర్కారు బడి తల్లులకు ఇంత మేలు చేసింది?

ఎక్స్‌కర్షన్ల సంగతి చెబుతాను. పోయినేడు పిల్లలను డీసీఎం వ్యానులో ఎక్కించి పోచంపాడు డ్యాముకు తీసుకెళ్లారు. వెళ్లడానికి వారం ముందే ‘నా విహారయాత్ర’ అనే వ్యాసాన్ని ఇంగ్లీషులో బోర్డు మీద రాసి, అందరి చేతా బట్టీ పట్టించారు. తీరా వెళితే నడి ఎండాకాలం. నీళ్లు అడుగంటి, డ్యాము లోపల మేకలు మేస్తున్నాయట.

అయితేనేం? తిరిగొచ్చిన నలభై మంది పిల్లలూ గేట్లన్నీ ఎత్తారనీ, నీళ్లు పాలనురగలా దూకాయనీ ఒక్క అక్షరం తేడా లేకుండా రాశారు. కళ్లతో చూసింది పక్కన పెట్టి, పెద్దలు చెప్పింది రాయగలగడం చిన్న విద్యా? రేపు ఆఫీసుల్లో కూర్చుని రిపోర్టులు రాయాల్సిన పిల్లలు వీళ్లు!

ఫ్యాన్సీ డ్రెస్ పోటీలు కూడా అంతే. మా పక్కింటి సాయన్న కొడుకు రైతు వేషం వేశాడు. అప్పుడే మక్కచేను నుంచి వచ్చిన తండ్రి పంచె విప్పించి కట్టుకున్నాడు, తండ్రి తువ్వాలనే తలకు చుట్టుకున్నాడు. మోకాళ్ల దాకా మట్టి కూడా అసలుదే. న్యాచురల్‌గా లేదన్నారు జడ్జీలు. పట్టుపంచె కట్టి, అట్టముక్క నాగలి పట్టి, కాటుక మీసం దిద్దుకున్న బట్టల షాపు ఓనరు కొడుక్కి ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. రైతంటే ఎట్లుంటాడో ఇన్నేళ్లకు తనకు తెలిసి వచ్చిందని సాయన్న ఎంతో సంతోషించాడు. తండ్రులకు కూడా చదువు చెప్పే బడి ఇంకెక్కడైనా ఉందా?

ఇక పిల్లలు ఇంట్లో చేసుకురావాల్సిన థర్మోకోల్ చార్మినార్ మాటంటారా, అది నేనే చేశాను. దానికి రవళికి సెకండ్ ప్రైజ్ వచ్చింది. ఫస్ట్ వచ్చిన తల్లికి థర్మోకోల్ కోసే మిషను ఉంది, నాకు లేదు. నాకేం అసూయ లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు. చెక్క ఒక ఎత్తు.

అది అరచేయంత వెడల్పున్న టేకు చెక్క. పైన చిన్న రంధ్రం, అందులో పురికొస. మధ్యలో తెల్ల పెయింటుతో, ఇంగ్లీషు అక్షరాల్లో ‘ఐ స్పోక్ తెలుగు టుడే’ అని రాసి ఉంటుంది. నేను ఈ రోజు తెలుగు మాట్లాడాను అని దాని అర్థం. స్కూల్లో ఎవరు తెలుగు మాట్లాడి దొరికితే వాళ్ల మెడలో అది పడుతుంది. వాళ్లు తెలుగు మాట్లాడే ఇంకొకరిని పట్టుకుని, ఆ మెడలో వేస్తేనే విముక్తి. ఎవరూ దొరక్కపోతే ఇంటిదాకా మోసుకుపోయి, మర్నాడు మళ్లీ మెడలో వేసుకుని రావాలి. స్కూలు మొత్తానికి చెక్క ఒక్కటే. చూడండి, ఎంత పొదుపు!

దాని వల్ల వచ్చిన క్రమశిక్షణ ఇంతా అంతా కాదు. పిల్లలు తలుపుల చాటున నక్కి, పక్కవాడి పెదాలు ఎప్పుడు కదులుతాయా అని కాపు కాయడం నేర్చుకున్నారు. పోలీసు డిపార్ట్‌మెంటుకు ఎంత మంచి రోజులు రానున్నాయో ఊహించండి! ఒకరోజు మూడో తరగతిలో బెంచీ కింద తేలు కనబడింది. తేలును ఇంగ్లీషులో ఏమంటారన్నది ఐదో తరగతి పాఠంలో గానీ రాదు. క్లాసంతా చప్పుడు చేయకుండా బెంచీలెక్కి నిలబడింది. టీచరుకు విషయం తెలిసేటప్పటికి తేలు మర్యాదగా తన దారిన తాను వెళ్లిపోయింది. తెలుగు మీడియం వాళ్లయితే ఎంత గోల చేసి ఉండేవారు!

సంవత్సరమంతా మెడలో చెక్క పడని పిల్లలకు యాన్యువల్ డే నాడు ‘బెస్ట్ ఇంగ్లీష్ స్టూడెంట్’ అని మెడల్ వేస్తారు. ఫిబ్రవరి వచ్చేసరికి స్కూలు మొత్తంలో ఇద్దరే మిగిలారు. ఒకరు మా రవళి. ఇంకొకరు రవళి క్లాసే, మస్కట్‌లో పనిచేస్తున్న గంగాకిషన్ కొడుకు. ఆ పిల్లవాడు స్కూల్లో ఏ భాషలోనూ నోరు తెరిచి ఎరగడు. ఇంగ్లీషు అంత గొప్పగా వచ్చిందన్నమాట!

రవళి కూడా వెనకబడలేదు. ఇంట్లో కూడా మాటలు తగ్గించి ప్రాక్టీసు మొదలుపెట్టింది. పిల్ల గొంతు పోయిందేమోనని మా అత్తమ్మ కనకవ్వకు ఒకటే ఫికరు. పసుపు వేసిన పాలు తాగించింది, దిష్టి తీసింది. చివరికి రవళే జాలిపడి, ఫికర్ చేయవద్దనీ, నోరు మూసుకుని ఉంటే తన మెడలో బిళ్ల వేస్తారనీ చెప్పింది.

అత్తమ్మ మెడల్ అనేదాన్ని ఎన్నడూ చూడలేదు. మా మామయ్య ఉన్న రోజుల్లో ఎడ్ల పందెంలో గెలిచిన మా ఎద్దు మెడలో ఇత్తడి బిళ్ల కట్టారు. ఆమెకు తెలిసిన గౌరవం అదొక్కటే.

“మన ఎద్దుకు కట్టినసొంటిదేనా బిడ్డా? అయితె నేను సచ్చేలోపట నీ మెడల సూడాలె,” అంది.

కళ్లకు పొరలు కమ్మాయి కాబట్టి చూడటమంటే తడమడమే. అప్పటి నుంచి సాయంత్రం రవళి బడి నుంచి రాగానే ముందు మెడ తడిమి, తర్వాతే అన్నం తిన్నావా అని అడిగేది.

మార్చిలో రెండో ఎక్స్‌కర్షన్ వచ్చింది. పసుపు పండించేవాళ్ల పిల్లలను పసుపు చూపించడానికి మార్కెట్ యార్డుకు తీసుకెళ్లారు! సరిగ్గా ఆ రోజే మా పసుపు కూడా యార్డులో రాశి పోసి ఉంది. మా ఆయన పసుపు అమ్మిపెట్టే అడ్తిదారు దగ్గరికి వెళ్లాడు. రాశి పక్కన అత్తమ్మ కాపలా కూర్చుంది. నేను సద్ది పట్టుకుని వెళ్లి, వెనక సంచుల మీద కూర్చున్నాను.

క్లాస్ టీచర్ సునంద మిస్ డిచ్‌పల్లి నుంచి బస్సులో వచ్చి పోయే పిల్ల. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఆమె మా రాశి ముందే వరుసను ఆపి, నోటుబుక్కు చూసి, ఇది పసుపు, ఇది పచ్చగా ఉంటుంది అని ఇంగ్లీషులో చదివింది. పొద్దున్నే గోళ్ల సందుల్లో పసుపు కడుక్కుని వచ్చిన నలభై మందీ ఆశ్చర్యపోయినట్టు మొహాలు పెట్టి దాన్ని తిరిగి చెప్పారు.

నలభై గొంతుల్లో తన మనవరాలి గొంతు అత్తమ్మకు తెలియకుండా ఉంటుందా?

“రవళీ, యాడున్నవ్ బిడ్డా?” అని లేచింది.

రవళి బిగుసుకుపోయింది. నా వైపు చూసింది. నేనేం చేశాను? మంచి తల్లి చేయాల్సిందే చేశాను. మెడల్‌కు ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. పెదాల మీద వేలు పెట్టాను.

అత్తమ్మ మళ్లీ పిలిచింది. పలికినవాళ్లు లేరు. అప్పుడామె వరుస మొదట్లోకి వెళ్లి, ఒక్కొక్క పిల్ల మొహం తడుముతూ, నువ్వేనా, నువ్వేనా అని అడగడం మొదలుపెట్టింది. పిల్లలు నోరు తెరవకుండా కాదన్నట్టు తలలూపారు. తలూపితే కనబడని మనిషికి తలూపారు. చూశారా, ఎంత క్రమశిక్షణ!

ఏడో పిల్ల మొహం కూడా తడిమి ఆగిపోయింది. “గిండ్ల లేదా మా పిల్ల?” అని ఎవరిని అడగాలో తెలియక గాలిని అడిగింది.

“గీడున్న బాపమ్మా,” అంది రవళి.

నాయనమ్మను మా వైపు బాపమ్మ అంటారు. ఇంగ్లీషులో ఏమంటారో రవళికి బాగా తెలుసు. అయినా ఆ మాటే వచ్చింది.

వెంటనే గంగాకిషన్ కొడుకు చెయ్యెత్తాడు. మిస్, రవళి స్పీకింగ్ తెలుగు అన్నాడు. ఆ ఏడాదిలో అతను సొంతంగా పలికిన మొదటి వాక్యం అదే. సునంద మిస్ నా మొహం చూడలేక, తలదించుకుని, బయటి జనం ముందు బాగుండదని పొద్దున సంచిలో వేసుకున్న చెక్క తీసి రవళి మెడలో వేసింది.

అత్తమ్మ చేతికి అది తగిలింది. పురికొస తడిమింది, చెక్క తడిమింది, రవళి మొహం తడిమింది.

“బిళ్ల ఏసిండ్రా! నా ముంగటనే ఏసిండ్రా!” అని రాశిలోంచి చిటికెడు పసుపు తీసి చెక్కకు బొట్టు పెట్టింది. హమాలీలను పిలిచి చూపించింది. కాంటా వేసే మనిషిని కూడా పిలిచింది. అందరూ చూసి మంచిగుందన్నారు. పెద్దవాళ్లలో అది చదవగలిగినవాళ్లం అక్కడ ఇద్దరమే ఉన్నాం. నేనూ, సునంద మిస్సూ. ఇద్దరం పసుపు రాశిని శ్రద్ధగా పరిశీలించాం.

సాయంత్రం రవళి ఇంటి గడపలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఎందుకేడుస్తున్నావని అత్తమ్మే ముందుగా వచ్చి అడిగింది. రవళి చటుక్కున ఏడుపు ఆపింది. రూలంటే రూలే కదా! చెక్క తీసి బాపమ్మ మెడలో వేసింది.

“ఎవలు మాట్లాడితె వాళ్లకు ఏస్తరు బాపమ్మా. ఇగ గిది నీది.”

మనవరాలు గెలిచిన బిళ్ల తన మెడకే వచ్చినందుకు ఆ రాత్రి అత్తమ్మ అన్నం కూడా సరిగ్గా తినలేదు. మర్నాడు ఖాళీ మెడతో వచ్చిన రవళిని చెక్క ఏదని అడిగారట. మా బాపమ్మ తెలుగు మాట్లాడింది అని తప్పుల్లేని ఇంగ్లీషులో చెప్పిందట. రూలు తప్పిందని ఎవరంటారు? చెక్క తిరిగి పంపమని ప్రిన్సిపాల్ సారు రెండు చీటీలు పంపారు. అత్తమ్మ చెక్కను దిండు కింద పెట్టుకుని పడుకుంది. కొత్తది చేయడానికి వడ్రంగి పని చేసే వడ్ల దేవన్నకు పెళ్లి మంచాల పని తెమలలేదు.

పన్నెండు రోజులు స్కూల్లో చెక్క లేదు. ఆ పన్నెండు రోజులూ మా స్కూలు గోల బస్టాండులో కండక్టర్ల కేకలను మించిపోయింది. ఇది స్కూలు సాధించిన విజయాల పట్టికలో ఎందుకో రాలేదు.

యాన్యువల్ డే వచ్చింది. నిజామాబాద్ నుంచి రిటైర్డ్ తహసీల్దారు ఒకరు చీఫ్ గెస్ట్. మెడల్ గంగాకిషన్ కొడుక్కి వేశారు. రెండు మాటలు చెప్పమని మైకు ఇస్తే, అతను నలభై మాటలకు సరిపడా నిలబడి దిగిపోయాడు. చప్పట్లు మోగాయి.

మా అత్తమ్మ నేత చీర కట్టి, మెడలో చెక్క వేసుకుని, ముందు వరుసలో కూర్చుంది. ఎంత చెప్పినా తీయలేదు. స్టేజీ దిగి పెద్దవాళ్లకు దండం పెడుతూ వస్తున్న చీఫ్ గెస్ట్ ఆమె ముందు ఆగిపోయాడు. కళ్లజోడు సవరించుకుని చదివాడు. ప్రిన్సిపాల్ వైపు చూశాడు. ప్రిన్సిపాల్ చెమట తుడుచుకున్నారు.

“దీని మీద ఏం రాసిండ్రో తెలుసా అవ్వా? నేను ఇయ్యాల తెలుగు మాట్లాడిన అని రాసిండ్రు.”

“మాట్లాడిన సారు,” అంది అత్తమ్మ. “ఇయ్యాల ఒక్కనాడేనా? అరవై ఏండ్ల సంది మాట్లాడుతనే ఉన్న. గిన్నొద్దులకు గుర్తించిండ్రు.”

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆ చెక్క మీది అక్షరాలను బొటనవేలితో తడిమింది. తర్వాత పక్కనున్న రవళి మెడ మీద చెయ్యి వేసింది.

“గా దినం నాతోని మాట్లాడినందుకు ఏసిండ్రా బిడ్డా నీకు?”

రవళి తల ఊపబోయి, ఆగి, “అవ్ బాపమ్మా,” అని గట్టిగా చెప్పింది.

నా వేలు ఈసారి నా ఒడిలోనే ఉంది.

అత్తమ్మ నిదానంగా మెడలోంచి చెక్క తీసింది. “మరి గీ సారు గూడ తెలుగే మాట్లాడిండు గద,” అంటూ చేతులెత్తింది. ఆయన పెద్దమనిషి. వంగి, పూలదండ పక్కన ఆ చెక్క కూడా వేయించుకున్నాడు. దాంతోనే మళ్లీ స్టేజీ ఎక్కాడు. మైకు పట్టుకుని, ఇది తర్వాత ఎవరికి వేయాలో చెప్పండి అని ప్రిన్సిపాల్ సారును తెలుగులోనే అడిగాడు.

ప్రిన్సిపాల్ సారు నోరు తెరవలేదు. వందన సమర్పణ కూడా చేయలేదు. ఆ సాయంత్రమంతా చేతులతోనే సైగలు చేశారు.

అందుకే మళ్లీ చెబుతున్నాను, మా స్కూలు పద్ధతి చాలా గొప్పది. రూలు ప్రకారం వచ్చే ఏడాది మెడల్ ఆయనకే రావాలి.