ఒక గేటుకి ముగ్గురు కాపలావాళ్ళు

మా ఆయన ప్రయూన్ నలభై ఏళ్ళు పెట్‌బురి శివార్లలో రైలు గేటు కాశాడు. ఉద్యోగం వదిలాడు గానీ గేటు వదల్లేదు. మా ఇంట్లో ఫ్రిజ్జుకి తాళం, ఆ తాళానికి తాడు, ఆ తాడుకి గంట. నేను చారు గిన్నె పట్టుకుని వసారా దాటుతున్నా సరే, "ఆగు, రెండువైపులా చూసి దాటు" అంటాడు.

అలాంటి మనిషి కంప్యూటర్‌కి కాపలా పెడితే ఏమైందో చెబుతా, ఇలా కూర్చోండి. నవ్వొస్తే నవ్వండి. ఆ మూడు నెలలూ మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుందాం.

మా అక్క లమ్యాయ్ పోయింది. పెట్టెలో పెట్టి గుడిలో ఉంచాం. నూరో రోజున దహనం. ఆ రోజు వచ్చినవాళ్ళని ఉత్తచేతుల్తో పంపకూడదు, పోయినవాళ్ళ కథ రాసిన పుస్తకం చేతిలో పెట్టి పంపాలి. పెద్ద ఆఫీసర్లకైతే అట్ట మీద పతకాలు తగిలించుకున్న ఫొటో ఉంటుంది. మా అక్కకేముంది? తాటిబెల్లం, బాతుగుడ్లు, కొబ్బరిపాలు కలిపి మోకేంగ్ అనే తీపి కాల్చి, రైలు స్టేషన్ ముందు యాభై ఏళ్ళు అమ్మింది.

"సంతకం రానిదానికి పుస్తకమేంటే?" అన్నాడు మా ఆయన.

"చదువొచ్చినవాళ్ళు తమ పుస్తకం తామే రాసుకుంటారు. రానివాళ్ళకే ఎవరో ఒకరు రాయాలి. నేను చెబుతా, నువ్వు కొట్టు."

నా చదువు రెండో తరగతి. ఒక వాక్యం కూడబలుక్కునేలోపు అన్నం మాడిపోతుంది. జ్ఞాపకం మాత్రం మాడదు. అక్క ఆరో ఏట పోగొట్టుకున్న జడరిబ్బను ఏ రంగో ఇప్పుడడిగినా చెబుతా.

బళ్ళో వేలం వేసిన పాత కంప్యూటర్ ఒకటి మా ఇంట్లో ఉంది. మా ఆయన దాని ముందు కూర్చుని, ఒకే ఒక్క వేలు ఎత్తి, అటూ ఇటూ చూసి, మెల్లగా దించేవాడు. గేటు దించినట్టే. వారానికి నాలుగైదు పేజీలయ్యేవి. వాటిని కాగితం మీదకి తీసి, తప్పులు దిద్దుకుని, "ఇదిగో, నిప్పు రాజేసుకో" అని నా పొయ్యి పక్కన పడేసేవాడు.

ఎనభయ్యో రోజుకి థవిన్ బావ పోయిన సంగతి దగ్గరికొచ్చాం.

అక్క మొగుడు థవిన్ బావ తాటిచెట్లెక్కి నీరా దించేవాడు. కుండలు సైకిల్‌కి కట్టుకుని మా ఆయన గేటు మీదుగానే పోయేవాడు. ఆ రోజు డ్యూటీ మారే వేళ. గేటు దగ్గర ఇద్దరున్నారు, దిగేవాడొకడు, ఎక్కేవాడొకడు. వాడు వేస్తాడని వీడు, వీడు వేశాడని వాడు. గేటు లేచే ఉంది. రైలొచ్చింది. పట్టాల మీద నీరా చాలాసేపు పారింది.

విచారణ కాగితాల్లో పొగమంచు వల్ల అని రాశారు. పెట్‌బురిలో! ఏప్రిల్ నెలలో!

అక్క ఒక్క మాట అడగలేదు. దినాలైపోయిన మర్నాటి నుంచీ గేటు దగ్గరికి రోజూ ఒక మోకేంగ్ ముక్క పంపేది. తిట్టి ఉంటే మా ఆయనకి తేలిగ్గా ఉండేది. తీపి పెట్టింది.

ఇదంతా ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన వేలు చాలాసేపు గాలిలోనే నిలబడింది. తర్వాత టకటకా కొట్టేశాడు. అంత వేగం ఆ వేలికి ఉందని నాకప్పటిదాకా తెలియదు.

సరిగ్గా ఆ వారంలోనే పక్కింటివాళ్ళ కంప్యూటర్‌లో వైరస్ అనే పురుగు దూరి పెళ్ళిఫొటోలన్నీ తినేసింది. మా ఆయన మొహం పాలిపోయింది.

"నూరో రోజుకి వదిన పుస్తకం లేకపోతే నేను గుళ్ళో అడుగు పెట్టలేనే. దీనికి కాపలా పెట్టాలి."

"పెట్టు. ఒకటి ఎంచుకుని పెట్టు."

ఎంచుకోవడానికి బజార్లో ప్రసిత్ కొట్టుకి వెళ్ళాడు. వాణ్ణి ఊరంతా గ్యారంటీ ప్రసిత్ అంటారు. వాడి దగ్గర కొన్న గొడుగు వానాకాలం తప్ప అన్ని కాలాల్లోనూ పనిచేస్తుంది.

"తాతా, ఉచితంగా వచ్చే కాపలా ఒకటుంది. డబ్బాలో వచ్చే ఖరీదైనది ఇంకోటుంది," అన్నాడట ప్రసిత్. "ఏది కావాలి?"

"ఏది నిద్రపోదు?"

"రెండూ నిద్రపోవు. గ్యారంటీ."

మా ఆయన రెండూ తెచ్చాడు.

"ఏమయ్యా, ఒక గేటుకి ఇద్దరెందుకు?" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనరు. ఆయన వినపడనట్టే తీగలు సర్దుకున్నాడు.

ఇంట్లోకి కొత్త కాపలావాళ్ళొస్తే పాత కాపలావాడికి చెప్పాలి కదా. పెరట్లో స్తంభం మీదున్న చిన్న గుడి ముందు, ఇల్లు కాచే తాతదేవుడికి ఎర్ర సోడా సీసాలు రెండు పెట్టి దండం పెట్టాడు. "తాతా, వీళ్ళు కొత్తగా చేరారు, నీ కిందే పనిచేస్తారు, కాస్త చూసుకో."

తాత చూసుకున్నాడేమో గానీ వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోలేకపోయారు. ఉచితంవాడు డబ్బావాణ్ణి దొంగ అన్నాడు. డబ్బావాడు ఉచితంవాణ్ణి పట్టుకోవాలా అని అడిగాడు. మధ్యలో కంప్యూటర్ నిలువుగుడ్లేసుకుని ఉండిపోయేది. ఒక అక్షరం కొడితే, అది తెర మీదకి వచ్చేలోపు నేను కోళ్ళకి నూకలు చల్లి వచ్చేదాన్ని.

"ఒకణ్ణి తీసెయ్," అన్నాను.

"తీసినవాడే పనిమంతుడైతే?"

రెండు రోజులు అలాగే వేలాడాడు. మూడో రోజు తెరంతా ఎర్రబడింది. 'మీ కంప్యూటర్‌లో నాలుగువందల పన్నెండు మంది దొంగలున్నారు! వెంటనే ఇక్కడ నొక్కండి!' అని అక్షరాలు ఎగిరి గంతులేస్తున్నాయి.

"నొక్కకయ్యా. పిలవకుండా వచ్చినవాడు వాడు."

"ఎర్రజెండా ఊపుతున్నాడే! నలభై ఏళ్ళలో ఎర్రజెండా చూసి నేను ఆగనిది లేదు."

నొక్కాడు. మూడో సోడా కూడా పెట్టొచ్చాడు.

ఆ మూడోవాడే దొంగ. లోపలికొచ్చి అక్క పుస్తకాన్ని కౌగిలించుకు కూర్చున్నాడు. డబ్బావాడు వాణ్ణి పట్టబోయి, పుస్తకంతో సహా పట్టి జైల్లో వేశాడు. జైలు తాళం ఉచితంవాడు మింగాడు. మా ఆయన కంప్యూటర్‌ని ఎత్తుకుని ప్రసిత్ కొట్టుకి పరిగెత్తాడు. సాయంత్రానికి అది కడిగిన కంచంలా తిరిగొచ్చింది. ముగ్గురూ లేరు, పుస్తకమూ లేదు.

ఈ సంగతి మా ఆయన నాకు చెప్పలేదు. వారం తర్వాత బజార్లో ప్రసితే చెప్పాడు, "అవ్వా, ఈసారి పోదు, గ్యారంటీ" అంటూ. నాకు చెప్పకపోయినా మొహం చెబుతోందిగా. పుస్తకం పోయిననాటికి నూరో రోజుకింకా పదిహేను రోజులుంది.

మొదటిరోజు అన్నం ముందు కూర్చుని మెల్లగా అడిగాడు. "ఏమే, వదిన మోకేంగ్‌లో గుడ్లెన్ని వేసేది?"

"ఏడు బాతుగుడ్లు. రాశావుగా."

"రాశాలే. సరిచూసుకుంటున్నా."

మర్నాడు, "పైన వేయించిన చిన్నుల్లి చల్లేది కదూ?"

"చల్లేది. అదీ రాశావు."

"ఆఁ, రాశాను. చల్లేదని రాశానా, పోసేదని రాశానా అని."

నేను బజారుకి పోగానే కంప్యూటర్ ముందు కూర్చునేవాడు, నా చెప్పుల చప్పుడు వినగానే లేచి చెట్లకి నీళ్ళు పోసేవాడు. నా బెండమొక్కలు ఆ పన్నెండు రోజుల్లో కుళ్ళిపోయాయి. మనిషి పదమూడు కిలోలు తగ్గిపోయాడని చెప్పను గానీ, లుంగీ రెండు చుట్లు ఎక్కువ తిరిగింది. పొద్దున్నే లేచి, వేలికి నూనె రాసుకుని, అక్క ఫొటో వైపు చూడకుండా కూర్చునేవాడు. ఆ వంగిన నడుం చూస్తే నాకు జాలేసింది. చెప్పేద్దామా అని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

ఏం చెప్పేదాన్నంటారా? పొయ్యి పక్కన పడేసిన కాగితాల్లో ఒక్కటీ నేను కాల్చలేదు. కొబ్బరిపీచుతో నిప్పు రాజేసుకున్నాను. ప్రతి ఏడో రోజూ అక్కకి అన్నం పట్టుకెళ్ళినప్పుడు కాగితాలు కూడా పట్టుకెళ్ళాను. గుళ్ళో తెల్లబట్టల సన్యాసినమ్మ సుచిన్ వాటిని అక్క పెట్టె ముందు కూర్చుని గట్టిగా చదివేది. తన కథ తను వినకుండా ఊరందరికీ పంచితే ఎలా?

థవిన్ బావ పేజీ వచ్చిన రోజు కూడా చదివింది. 'పొగమంచు వల్ల' అని చదివింది. నేను అలా చెప్పలేదు. నేను అక్క పెట్టె వైపు చూశాను. ఏ చప్పుడూ లేదు, ఇన్నేళ్ళుగా లేనట్టే.

తొంభై ఏడో రోజు మా ఆయన కొత్త కాగితాల కట్ట పట్టుకుని గుడికొచ్చాడు.

"ఇదిగో పుస్తకం. ప్రెస్సుకిచ్చేముందు ఒకసారి... ఎవరిచేతైనా చదివించు."

నేను అక్క పెట్టె ముందున్న పీట కింది నుంచి పాత కట్ట తీసి దాని పక్కన పెట్టాను. ఆయన దీన్నీ దాన్నీ చూసి కూలబడ్డాడు.

"కాల్చలేదా?"

"లేదు."

"పోయిందని తెలుసా?"

"తెలుసు."

"మరి పన్నెండు రోజులు నా చేత నీళ్ళు పోయించావే, రాక్షసీ!"

"బెండమొక్కల్ని చంపమని నేను చెప్పలేదు."

సుచినమ్మ కొత్త కట్ట తెరిచింది. మోకేంగ్ దాటింది, జడరిబ్బను దాటింది, బావ పేజీకొచ్చింది. చదివింది:

'ఆ రోజు పొగమంచు లేదు. ఎండ కాస్తోంది. గేటు దగ్గర నేనున్నాను, ఇంకొకడున్నాడు. అందుకే ఎవరూ లేరు. గేటు వేయలేదు. వదిన నన్ను ఎప్పుడూ అడగలేదు. అడుగుతుందని రోజూ ఎదురుచూశాను.'

సుచినమ్మ మళ్ళీ ఒకసారి చదివింది, పెట్టెకి ఇంకాస్త దగ్గరగా జరిగి.

ప్రెస్సుకి పాత కట్టే ఇచ్చాను, అందులో తప్పులు తక్కువ. ఆ ఒక్క పేజీ తీసి కొత్తది పెట్టించాను. దహనం రోజు మా ఆయన గుడి గేటు దగ్గరే నిలబడి, వచ్చినవాళ్ళందరి చేతుల్లోనూ పుస్తకం తనే పెట్టాడు. కొందరు అక్కడికక్కడే తెరిచి చూశారు. ఆయన పక్కకి జరగలేదు.

ఇప్పుడు కంప్యూటర్‌కి ఒక్కటే కాపలా ఉంది. ఏదని నన్నడక్కండి, ఉచితమైనది. దాని సోడా దానికి అందుతోంది. మా ఆయన తన పుస్తకం తనే రాసుకుంటున్నాడు. రోజూ సాయంత్రం ఒక కాగితం తీసి నా పొయ్యి పక్కన పెట్టి వెళ్ళిపోతాడు. నిప్పు రాజేసుకోమని మాత్రం అనడు.