నాలుగొందల పన్నెండు గారి సంతోషం

మనిషికి తాను సంతోషంగా ఉన్నాడో లేదో సొంతంగా తెలుసుకునే తెలివి లేదు. ఆ సంగతి కంపెనీయే చెప్పాలి. నవ్వకండి, కాస్త ఓపిక పట్టి వినండి.

నేను పరుపుల కంపెనీలో చెకింగ్ సెక్షన్లో పని చేస్తాను. పరుపు మీద కూర్చుంటాను, లేస్తాను. స్ప్రింగు కిర్రుమంటే ఆ పరుపును పక్కన పెడతాను. రోజుకు మూడొందల సార్లు కూర్చుని లేవడమంటే మాటలా? బడిలో తీసిన గుంజీళ్లు ఇన్నాళ్లకు అక్కరకొచ్చాయి.

ఇలాంటి నన్ను ఒక మనిషిని చేసినవి మా కంపెనీ మెయిళ్లు. రోజుకో కొత్త పాలసీ వస్తుంది. కుర్చీ వెనక్కి జరిపే పాలసీ, తుమ్ము పాలసీ, లిఫ్టులో ఎవరిని చూసి ఎంత నవ్వాలో చెప్పే పాలసీ! ప్రతిదాని కిందా మూడు గళ్లు ఉంటాయి: చదివాను, అర్థమైంది, ఆనందించాను. మొదటి రెండూ వదిలేసినా పట్టించుకోరు. మూడోది నొక్కకపోతే మాత్రం మెయిలు మూసుకోదు. మీరు ఆనందించేదాకా వదలనివాళ్లు మీ చుట్టాల్లో ఎంతమంది ఉన్నారు? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

అన్నిటికన్నా గొప్పది సంతోషం సర్వే. పూర్తిగా రహస్యం. పేరు రాయక్కర్లేదు. ఎంప్లాయీ నంబరు, సెక్షను, ఫోన్ నంబరు రాస్తే చాలు! ప్రతి ప్రశ్నకూ ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయాలి. ఒకటంటే ఏడుపు, ఐదంటే అత్యంత సంతోషం. మా సెక్షన్లో అందరం వరసపెట్టి ఐదులు కొట్టేశాం. భయపడి కాదండీ, ఎందుకొచ్చిన గొడవలే అని.

ఇక్కడ నా సంసారం గురించి రెండు ముక్కలు చెప్పాలి. మా ఆవిడ హాస్పిటల్లో నర్సు. ఆవిడది పొద్దుటి షిఫ్టు, నాది మధ్యాహ్నం షిఫ్టు. ఆవిడ బస్సు దిగుతుంది, నేను బస్సెక్కుతాను. మధ్యలో నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లోనే బడి నుంచి తెచ్చిన పాపను, ఇంటి తాళాన్ని అప్పగించాలి, కూర ఎక్కడ మూతపెట్టానో చెప్పాలి. అలకలుంటే అలగాలి, అలిగినవాళ్లను బతిమాలాలి. కిందటి వారం టీచరు మా పాపను, "మీ అమ్మానాన్నా ఎక్కడుంటారమ్మా?" అని అడిగితే, "బస్టాపులో" అందట.

నాకు నవ్వొచ్చింది. మా ఆవిడకు రాలేదు.

"పొద్దుటి షిఫ్టు అడగరాదూ? అడిగితే పోయేదేముంది?" అంది, నేను బస్సెక్కుతుంటే.

అడిగాను. హెచ్చార్ మేడమ్ ఎంత ఓపిగ్గా విన్నారనుకున్నారు! అంతా విని కంప్యూటర్ నా వైపు తిప్పారు.

"చూడండి నాలుగొందల పన్నెండు గారూ. మీ షిఫ్టు మీ కుటుంబానికి అనుకూలంగా ఉందా అన్న ప్రశ్నకు మీరు ఐదు ఇచ్చారు."

"పొరపాటున నొక్కానండి."

"కింద, ఇంకేమైనా చెప్పదలిస్తే చెప్పండి అన్నచోట, దయచేసి ఈ షిఫ్టు మార్చొద్దు అని కూడా రాశారు."

రాసిన మాట నిజమే. ఉత్త ఐదులు కొడితే నమ్మరేమో, నాలుగు మాటలు కూడా రాయమని పక్క సీటు పెద్దాయన సలహా ఇచ్చాడు. ఆయన తన సర్వేలో ఆదివారాలు కూడా పని ఇవ్వమని రాశాడు. ఇప్పుడు ఆదివారాలు వస్తున్నాడు.

"ఇంత సంతోషంగా ఉన్న మనిషిని కదపడం పాలసీకి విరుద్ధం," అన్నారు మేడమ్, పాపం ఎంతో బాధపడుతూ.

అయినా నన్ను వట్టి చేతులతో పంపలేదు. మర్నాడే సర్వేలో కొత్త ప్రశ్న చేర్చి కంపెనీ అంతటికీ పంపారు: "భార్యతో రోజుకు నాలుగు నిమిషాలు గడపడం మీకెలా ఉంది?" మామూలుగానే, పేరు రాయక్కర్లేదు. ఒక్క ఉద్యోగి గోడు విని ఏకంగా ఒక ప్రశ్న పుట్టించే కంపెనీలు ఎన్ని ఉంటాయి?

ఒకటి మీద వేలు పెట్టాను. ఈసారి నిజం చెప్పేయాలనే అనుకున్నాను. సరిగ్గా అప్పుడే సూపర్వైజరు అటుగా వచ్చాడు. నా కోసం కాదు, మంచినీళ్ల కోసం. ఐదు నొక్కాను.

ఆ మధ్యాహ్నమంతా నామీద నాకే అసహ్యం వేసింది. మూడు కిర్రు పరుపులు పాసైపోయాయి కూడా. మర్నాడు బస్టాపులో తలొంచుకుని ఉన్నదున్నట్టు మా ఆవిడకు చెప్పేశాను. మొహం వాచేలా చీవాట్లు పడతాయనుకున్నాను. పడలేదు. తాళం తీసుకుని, పాప చెయ్యి పట్టుకుంది.

"మా హాస్పిటల్లోనూ పెట్టారు సర్వే," అంది. "నేనూ ఐదే కొట్టాను."

నాలుగు నిమిషాలూ అయిపోయాయి. బస్సు వచ్చింది, ఎక్కేశాను. మాకంటే సంతోషంగా ఉన్న ఆలుమగలు మీకెక్కడైనా తారసపడితే నాకు చెప్పకండి, నేను నమ్మను. మా సంతోషానికి రెండు సంస్థలు రాసిచ్చిన రిపోర్టులున్నాయి!