మోకాలు మీది, ఇష్టం మీది

మోకాలు అరిగిపోవడం ఎంత అదృష్టమో అరగనివాళ్ళకేం తెలుస్తుంది! పన్ను పుచ్చిందనుకోండి, నోరు తెరవమని పీకేస్తారు. అపెండిక్స్ వాచిందనుకోండి, స్ట్రెచర్ మీద పడేసి లోపలికి తోసుకుపోతారు. మిమ్మల్ని అడిగేదెవరు? అదే మోకాలైతేనా? మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, "ఏది కావాలో మీరే ఎంచుకోండి" అంటారు. బట్టల కొట్లో తప్ప ఇంత మర్యాద ఇంకెక్కడైనా ఉందా?

నమ్మకం కుదరకపోతే మా టైల్స్ మేస్త్రి కథ వినండి.

మేస్త్రి బతుకంతా మోకాళ్ళ మీదే గడిచింది. అతను మోకరిల్లని వంటిల్లు మా చుట్టుపక్కల లేదు. ఒకరోజు ఎవరింట్లోనో బాత్రూములో చివరి టైలు అతికించి లేవబోతే, కుడి మోకాలు టక్కుమంది. ఇక లేవనంది! తలుపు బయట ఇంటిల్లిపాదీ ఆపుకోలేక నిలబడి ఉన్నారు. మేస్త్రి గోడ పట్టుకుని, "ఆరాలండీ, ఇంకా ఆరాలి" అంటూ సాయంత్రం దాకా పరువు కాపాడుకున్నాడు.

మర్నాడు భార్య అతన్ని ఎముకల డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది. ఆవిడ స్కాన్ చూసింది.

"గుజ్జు ఒకచోట పూర్తిగా ఊడిపోయిందండీ. కింద ఎముక కూడా పెచ్చు లేచింది."

పెచ్చు అనగానే మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. "అంతేనా! పెచ్చయితే పూసేయండి."

పూయడం ఒక్కటేనా? ఆవిడ విస్తరిలో వడ్డించినట్టు వరసగా చెప్పుకొచ్చింది. సన్న గొట్టంతో కెమెరా దూర్చి, లోపలి చెత్త ఊడ్చేయొచ్చు. ఎముకకు చిన్న చిన్న చిల్లులు పొడిస్తే రక్తం ఊరి, గుజ్జు లాంటిది కొత్తగా కట్టొచ్చు. బరువు పడనిచోటు నుంచి ఎముకతో సహా గుజ్జు ముక్క తవ్వి తెచ్చి, ఊడినచోట బిగించొచ్చు.

"అంటే మంచం కింది టైలు పీకి హాల్లో వేసినట్టా? షేడ్ కలవదండీ!" అన్నాడు మేస్త్రి కంగారుగా.

"లోపల ఎవరు చూస్తారండీ!"

ఇంకా ఉన్నాయి. మన కణాలే తీసి ల్యాబ్‌లో పెంచి నాటొచ్చు. కాలి ఎముకను కోసి, వాలు సరిచేసి, బరువును మంచి వైపుకు మళ్ళించొచ్చు. సగం కీలు మార్చొచ్చు. మొత్తం కీలే మార్చేయొచ్చు.

"ఇంతకీ ఏది మంచిదమ్మా?" అని అడిగింది భార్య.

"అన్నీ మంచివే. దేని లాభం దానిది, దేని చిక్కు దానిది. మోకాలు మీది, మీ ఇష్టం."

ఇన్నేళ్ళుగా మేస్త్రి కూడా ఇదే మాట అంటున్నాడు కదా! ఇది పాలతెలుపు, ఇది మల్లెతెలుపు, ఇది ముత్యపుతెలుపు, మీ ఇష్టం సార్ అనేసి టీకి వెళ్ళిపోయేవాడు. తిరిగొచ్చేసరికి ఆ మొగుడూ పెళ్ళాలు చెరో గదిలో ఉండేవారు.

ఇంట్లో పెద్ద సభే జరిగింది. "లేటెస్టు కదా నాన్నా, ల్యాబ్‌ది చేయించుకో" అంది కూతురు. సగం కీలు మారిస్తే మిగతా సగం అలుగుతుందని ఎదురింటి టైలరమ్మ తేల్చింది. బావమరిదైతే ఫోన్‌లో వెతికి, డాక్టరమ్మకే తెలియని ఎనిమిదో ఆపరేషన్ పట్టుకొచ్చాడు. తీరా చూస్తే అది గుర్రాలకు చేసేది!

ఈలోగా పని మూలపడింది. మేస్త్రి కుర్చీలో కూర్చుని వేలు చూపించి పురమాయిస్తే, పనివాళ్ళు "అలాగే" అంటూ వంకరగా అతికించారు. చూస్తూ ఊరుకోవడం కంటే నరకం ఉందా?

"వంగలేకపోతే నేనెందుకు పనికొస్తానే?" అన్నాడు ఇంటికొచ్చి.

భార్య అతని చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టింది. "లే. ఇవాళ తేల్చుకునే వద్దాం."

డాక్టరమ్మ మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టబోయింది. మేస్త్రి రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, అవన్నీ వద్దు. ఈ మోకాలు మీదే అయితే ఏం చేయించుకుంటారు? అదొక్కటీ చెప్పండి."

ఆవిడ తలుపు వైపు చూసింది. కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి అతని ముందుకొచ్చింది. కుంటుకుంటూ వచ్చింది!

"నాదీ అరిగిపోయిందండీ. ఎంతమంది డాక్టర్ల దగ్గరికి వెళ్ళానో! అందరూ నా స్నేహితులే. అన్నీ వివరంగా చెప్పి, మీకు తెలియనిదేముంది, మీ ఇష్టం అంటారు. ఇప్పటికీ తేల్చుకోలేదు."

ఆవిడ బల్లకు ఆనుకుని, గొంతు తగ్గించి అంది. "మేస్త్రి గారూ, నాది మీరు చెప్పండి. మీది నేను చెబుతాను."

"ఎముక కోసి వాలు సరిచేస్తారన్నారే, అది చేయించుకోండి," అన్నాడు మేస్త్రి తడుముకోకుండా.

"ఎందుకని?"

"ఎందుకని అడక్కండి. అడిగారంటే ఏడూ మళ్ళీ వచ్చి కూర్చుంటాయి."

డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది. "మీకు మంచం కింది టైలు. రేపే చేరండి!"

నిమిషం పట్టలేదు. కూర్చుని చూస్తున్న మేస్త్రి భార్యకు మాత్రం ఇద్దరి చెవులూ మెలిపెట్టాలనిపించింది.

మేస్త్రి ఆపరేషన్ ఆవిడే చేసింది. ఆవిడది ఆవిడ స్నేహితుడు చేశాడు. కొన్నాళ్ళు ఇద్దరూ చంకకర్రలతో ఆస్పత్రి వరండాలో ఎదురుపడి, దొంగల్లా నవ్వుకున్నారు. ఇప్పుడు ఆవిడ మెట్లు చకచకా దిగుతోంది. మేస్త్రి మోకాలి కింద మందపాటి దిండు వేసుకుని మోకరిల్లుతున్నాడు. వంకర టైళ్ళన్నీ తిట్టుకుంటూ పీకి, మళ్ళీ వేశాడు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా! ఇన్ని ఆప్షన్లుండటం వరమే, కాదనను. కాకపోతే పక్కన కూర్చుని, "ఇది చేయించుకో, తేడా వస్తే నన్ను తిట్టు" అనే మనిషి కూడా ఒకరుండాలి. ఏ ఆస్పత్రిలోనైనా అడిగి చూడండి. ఆ ఒక్క ఆప్షనే ఉండదు!