ఒడ్డున ఉన్న అమ్మకి ఓడ ఫోటోలు

మనిషి ఇంతవరకూ కనిపెట్టిన వాటన్నిటిలోకీ గొప్పది ఏమిటి? చక్రం కాదు. కరెంటు కాదు. కుట్టుమిషను కూడా కాదు. (అది నాకు కూడు పెడుతోంది కాబట్టి ఈ మాట అనడానికి మనసొప్పడం లేదు. అయినా నిజం నిజమే.) టూరు వెళ్ళినవాళ్ళు స్నేహితులకి పెట్టే అప్‌డేట్! కాదన్నవాళ్ళెవరైనా ఉంటే ముందుకు రండి. నాకు చదువు తక్కువే గానీ వాదన తక్కువేం కాదు.

సంగతేమిటంటే, మా అమ్మాయీ అల్లుడూ క్రూజ్ ఎక్కారు. అంటే ఓ పెద్ద ఓడ. నెలకి పైగా సముద్రం మీదే తిరుగుతుంది, మధ్య మధ్య ఏదో ఒక రేవులో ఆగుతుంది. ఎక్కడికో చేరడానికి కాదట, ఊరికే తిరగడానికట! చివరికి ఎక్కిన చోటే దిగుతారట! ఎక్కిన చోటే దిగేదానికి ఎక్కడం దేనికండీ అని అడిగితే మా ఆయన నా వైపు జాలిగా చూసి మళ్ళీ పేపరులో తల దూర్చారు.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నారు పెద్దలు. ఓడ కదలగానే నేనూ బోడి మల్లయ్యనైపోతానేమోనని బెంగపడ్డాను. అబ్బే! మా అమ్మాయి తన స్నేహితుల కోసం ఫోన్‌లో ఒక గ్రూపు తెరిచి, దానికి 'ఓడా ఒడ్డూ' అని పేరు పెట్టి, అందులో నన్ను కూడా చేర్చింది. స్నేహితుల మధ్య తల్లికి కుర్చీ! ఎంతమంది తల్లులకి దక్కుతుందండీ ఈ భాగ్యం?

"ఫోటోలెందుకే, ఒకసారి ఫోన్ చెయ్యరాదూ" అని రాశాను. "సముద్రం మీద ఫోన్లు కలవవమ్మా, ఫోటోలు మాత్రం వెళ్తాయి" అని జవాబొచ్చింది. సైన్సు ఎంత ముందుకు పోయిందో చూడండి. మాట బరువు, ఫోటో తేలిక అన్నమాట!

పూర్వం ఓడెక్కినవాళ్ళ దగ్గర నుంచి ఉత్తరం రావడానికి నెలలు పట్టేదట. ఆ తల్లులు పాపం అన్ని నెలలూ ఒకే ఒక్క భయంతో సరిపెట్టుకోవాల్సి వచ్చేది. ఎంత దరిద్రం! ఇప్పుడో? పొద్దున కాఫీ కప్పు ఫోటో వస్తే ఒక భయం. మధ్యాహ్నం ఈతకొలను ఫోటో వస్తే ఇంకో భయం. సాయంత్రం సముద్రంలో సూర్యుడు మునిగే ఫోటో వస్తే, అంతటివాడే మునిగిపోతున్నాడు, ఓడ ఎంత అని మరో భయం. ఎప్పటికప్పుడు తాజా భయాలు, పొగలు కక్కుతూ!

ఆ కాఫీ కప్పు సంగతే తీసుకోండి. అందరూ దాని మీద నురగతో వేసిన పువ్వుని చూశారు. నేను కాఫీని చూశాను. ఒక పక్కకి ఒరిగి ఉంది. ఓడ ఒరిగితేనే గదా కాఫీ ఒరిగేది? గ్రూపు మొత్తంలో ఆ వంకర కనిపెట్టినదాన్ని నేనొక్కదాన్నే. నాలో ఇంత పరిశోధక శక్తి ఉందని ఇన్నేళ్ళ కాపురంలో మా ఆయన కూడా గుర్తించలేదు.

ఇక ఈతకొలను, అందులో వేలాడేసిన రెండు కాళ్ళు. చుట్టూ అంత సముద్రం పెట్టుకుని ఓడ మీద మళ్ళీ నీళ్ళ తొట్టి దేనికి? ఆ నీళ్ళు పైనుంచి పోసినవేనా, లేక కిందనుంచి వస్తున్నవా? ఇదే గ్రూపులో అడిగాను. మా అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వే బొమ్మ పెట్టింది. అది జవాబా? నీళ్ళు ఎక్కడివో ఇప్పటికీ తేలలేదు.

మరోరోజు పడక మీద కోతి కూర్చున్న ఫోటో వచ్చింది. కంగారుపడకండి, తువ్వాలుతో చేసిన కోతి. గది శుభ్రం చేసేవాళ్ళు అలా మడిచిపెట్టి వెళ్తారట. "సో క్యూట్!" అని రాసింది జిమ్ కోచ్. ఆవిడ మా అమ్మాయికి చిన్ననాటి స్నేహితురాలు, బరువులెత్తడం తప్ప బరువైన ఆలోచన ఎరగదు. క్యూటేనమ్మా, కాదన్నానా? కానీ మీరు లేనప్పుడు గదిలోకొచ్చి, కోతిని చేసేంత తీరిక ఉన్న మనిషి ఇంకా ఏమేం చేసి ఉంటాడో ఒక్కరైనా ఆలోచించారా?

నారింజ రంగు లైఫ్ జాకెట్ల ఫోటో వచ్చినప్పుడు నేను షాపులో ఉన్నాను. కర్టెన్లు కుట్టే షాపు. నాదో మిషను, ఎదురుగా పొడవాటి బల్ల, ఆ బల్ల దగ్గర కటింగ్ మాస్టారు. ఫోన్ చూడగానే నా పాదం మిషను మీద ఆగలేదు. కర్టెన్ అంచు దాటి, బల్లగుడ్డ దాటి, నా చీర కొంగు దాకా కుట్టేసింది.

"ఏమైందమ్మా?" అన్నారు మాస్టారు.

"మునిగిపోయింది మాస్టారూ! జాకెట్లు తొడిగేశారు!"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఫోటో చూశారు. "మునిగేవాళ్ళు ఇట్లా పళ్ళికిలిస్తారా తల్లీ? ఇది డ్రిల్లు. ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో ముందే నేర్పిస్తారు."

"రాదనుకుంటే నేర్పించడం దేనికి మరి?"

"ముందు ఆ కొంగు విప్పుకో. మిషనుకి ముడిపడి ఉన్నావు."

చూశారా! ఒక్క అప్‌డేట్‌తో సముద్ర భద్రత మీద పని స్థలంలో చర్చ జరిగింది. చదువుకున్నవాళ్ళు దీన్నే అవగాహనా సదస్సు అంటారు.

ఒకనాడు ఒక్క ఫోటో కూడా రాలేదు. టికెట్లు ఇచ్చిన కంపెనీకి ఫోన్ చేశాను. ఎత్తిన పిల్ల నా "హలో" వినగానే, "నమస్తే అమ్మా, ఓడ తేలుతూనే ఉందమ్మా" అంది. పేరు అడగలేదు, టికెట్ నంబరు అడగలేదు! ముక్కూ మొహం తెలియని పిల్లతో ఇంత చనువు అప్‌డేట్ల పుణ్యం కాక మరేమిటి?

ఆరోగ్యం మాట కూడా చెప్పాలి. మా అమ్మాయి ఫోటోలు పెట్టగానే వాళ్ళ ఇంటికి తాళం వేసి ఉందని స్నేహితులందరికీ తెలిసింది. స్నేహితులకి తెలిస్తే వాళ్ళ స్నేహితులకి తెలుస్తుంది. ఆ దారిలో ఎక్కడో ఒక దొంగ ఉండకపోడు. అందుకని రోజూ పోయి, నాలుగో అంతస్తు దాకా మెట్లెక్కి, తాళం లాగి చూసి వస్తున్నాను. నడవమ్మా నడవమ్మా అని డాక్టరు ఏళ్ళ తరబడి మొత్తుకున్నా కదలని కాళ్ళు కదిలాయి. ఓడెక్కింది వాళ్ళు, ఒళ్ళు తగ్గింది నాకు!

ఇక ఫోన్‌లో 'లాస్ట్ సీన్' అని ఒకటి ఉంటుంది. మనిషి చివరిసారి ఎప్పుడు కనిపించిందో చెబుతుంది. ఈ మాట నేను అంతకుముందు పోలీసులు అంటించే తప్పిపోయినవాళ్ళ పోస్టర్ల మీద మాత్రమే చూశాను. ఇప్పుడు ఇంట్లో కూర్చునే చూసుకునే సదుపాయం!

ఇలా సకల సుఖాలూ అనుభవిస్తుండగా ఒక విడ్డూరం జరిగింది.

ఓడ రెయిలింగ్ పట్టుకుని మా అమ్మాయి నవ్వుతున్న ఫోటో. గాలికి ఎగిరే జుట్టు, కొత్త గౌను. కింద వరసగా గుండెలు, చప్పట్లు. వాటి మధ్యలోకి లెక్కల టీచరు మెసేజ్ వచ్చి పడింది. ఈవిడా మా అమ్మాయితో చదువుకున్నదే.

"వాంతులు తగ్గాయా? ఓడ డాక్టర్ మళ్ళీ ఇంజెక్షన్ ఇచ్చాడా? ఆంటీకి మాత్రం తెలియనివ్వకు, ఈదుకుంటూ వచ్చేస్తారు."

కళ్ళజోడు సర్దుకునేలోపు మాయమైంది. మెసేజ్ డిలీట్ అయిందన్న ముక్క మిగిలింది. ఆ వెంటనే బిలబిలమంటూ పువ్వులు, గుండెలు, డాన్సు చేసే బొమ్మలు! నేల మీద ఏదో ఒలికితే నలుగురూ నాలుగు గుడ్డలు పట్టుకుని పరిగెత్తుకొచ్చినట్టు.

నాకు కోపం వచ్చిందనుకుంటున్నారా? లేదండీ. పన్ను నొప్పి వచ్చింది.

గ్రూపులో పళ్ళ డాక్టరమ్మ ఒకతి ఉంది. ఆమె క్లినిక్ మా షాపు వెనక వీధిలోనే. పోయి కుర్చీలో పడుకున్నాను. ఆమె లైటు నా మొహం మీదకి తిప్పి, చిన్న అద్దం చేతిలోకి తీసుకుంది. ఆ అద్దాన్ని తిరగేసి పట్టుకుంది. డాక్టరు తడబడటం పేషెంటుకి మంచిది కాదు గానీ తల్లికి మంచిదే.

"నోరు తెరవండి ఆంటీ."

"ముందు నువ్వు తెరువు."

"అయ్యో, నాకేం తెలుసు ఆంటీ..."

"ఆ లెక్కల టీచరు ఎక్కడ రాయబోయి ఇక్కడ రాసింది?"

అద్దం ట్రేలో పెట్టేసింది. "ఇంకో గ్రూపు ఉంది ఆంటీ. పేరు 'అసలు సంగతి'."

"మరి నేనున్నది?"

"అది మీకోసమే. ఫోటో రాగానే ఎవరో ఒకరు బాగుందనాలి కదా, లేకపోతే మీకు అనుమానం వస్తుందని డ్యూటీలు వేసుకున్నాం. పొద్దుటి ఫోటోలు నావి, సాయంత్రానివి జిమ్ కోచ్‌వి."

"వాంతులంటే... శుభవార్తేమన్నా ఉందా?"

"కాదు ఆంటీ. ఆ శుభవార్తయితే మీకే ముందు చెప్పేది. ఇంకేం అడక్కండి, ఒట్టేయించుకుంది. ప్రాణానికేం భయం లేదు, అంతవరకు నా పూచీ."

పన్ను బాగానే ఉందని కూడా చెప్పి పంపింది.

ఆలోచిస్తే నాకు గర్వంగానే అనిపించింది. ఒక్క తల్లిని సంతోషంగా ఉంచడానికి ఇంతమంది ఉద్యోగస్తులు పనులు మానుకుని షిఫ్టుల్లో చప్పట్లు కొడుతున్నారంటే మాటలా? రాజులకి కూడా భజన చేసేవాళ్ళు ఉండేవారు గానీ, భజనకి డ్యూటీ చార్టు ఉండేదా?

గర్వం మెట్లు దిగేదాకా ఉంది. వీధిలోకొచ్చేసరికి షాపు దారి వదిలేసి ఎటో నడుస్తున్నాను. ప్రాణానికి భయం లేదంటే, ప్రాణం దాకా ఎందుకొచ్చినట్టు? ఇంజెక్షన్ "మళ్ళీ" ఏమిటి? పరాయి సముద్రం మీద, ఊగే మంచం మీద, నా బిడ్డ నీళ్ళు కూడా దక్కక పడి ఉంటే, ఆ సంగతి జిమ్ కోచ్‌కి తెలిసింది, పళ్ళ డాక్టరుకి తెలిసింది, నాకు మాత్రం కొత్త గౌను చూపించారు!

ఇలాంటప్పుడు నేనేం చేస్తానో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. కంపెనీకి ఫోన్ చేసి కెప్టెన్‌ని లైన్లోకి పిలవమంటాను. ఈసారి చెయ్యలేదు. షాపుకొచ్చి, మిషను ముందు కూర్చుని, 'ఓడా ఒడ్డూ'లో మొదటిసారి నేనే ఒక అప్‌డేట్ పెట్టాను.

"ఫోటో చాలా బాగుంది తల్లీ. నాకు ఏ కంగారూ లేదు. హాయిగా ఉన్నాను. మీరు నిదానంగా రండి. ఫోన్ చెయ్యకపోయినా ఏం పర్వాలేదు."

గుండెలు రాలేదు. చప్పట్లు రాలేదు. డ్యూటీలో ఉన్నవాళ్ళు కూడా నోరెళ్ళబెట్టి ఉంటారు.

ఫోన్ బల్ల మీద పెట్టానో లేదో మోగింది. ఓడ నుంచి! ఫోన్లు కలవని సముద్రం నుంచి!

"అమ్మా! ఏమైంది? నాన్నకేమైంది?"

"ఏం కాలేదే. పేపరు చదువుకుంటున్నారు."

"అబద్ధం! నువ్వు హాస్పిటల్లో ఉన్నావు కదూ? ఆ చప్పుడేంటి?"

"కటింగ్ మాస్టారు గుడ్డ చింపుతున్నారు."

"మరి హాయిగా ఉన్నానని రాశావేంటి? పుట్టి బుద్ధెరిగాక నువ్వు ఆ మాట అనగా నేను వినలేదు. నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. నిజం చెప్పు!"

"నువ్వు చెప్పు ముందు. నీళ్ళయినా దక్కుతున్నాయా?"

 అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"ఓడ కదిలితే చాలమ్మా, పేగులు నోట్లోకొచ్చేస్తున్నాయి. మొదటిరోజు నుంచీ ఇంతే. రేవులో ఆగినప్పుడే లేస్తున్నాను. అప్పుడే నాలుగైదు గౌన్లు మార్చి ఫోటోలు తీయించుకుని, మళ్ళీ వచ్చి పడుకుంటున్నా. ఆ కాఫీలూ కేకులూ అన్నీ ఆయనవే."

"ఆ ఈతకొలనులో కాళ్ళు?"

"ఆయనవే."

"అనుకున్నా, ఆ బొటనవేలు మనింటిది కాదని. నాకెందుకు చెప్పలేదే?"

"నీకు చెబితే నీకూ వాంతులయ్యేవి!"

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే అది కొంచెం ఏడ్చింది. దాని ఏడుపు నేను విన్నాను, నా ఏడుపు దానికి వినపడకుండా మిషను తొక్కాను. నేను అప్పటిదాకా ఊహించుకున్న సుడిగుండాలూ, తిమింగలాలూ, సముద్రపు దొంగలూ, ఆ కోతిని చేసే మనిషీ... వీటి పక్కన వాంతులు ఏపాటి? ముద్దొచ్చాయి నాకు. పడుకుని ఉండు, ఒక్కో గుటకే నీళ్ళు తాగు, తల కదపకు అని చెప్పాను. ఆ మాటలన్నీ ఓడ డాక్టరు ముందే చెప్పాడట. అయినా నా చేత మళ్ళీ చెప్పించుకుంది. ఆ తరవాత కోతి గురించీ, మాస్టారు గురించీ, పక్కింటివాళ్ళ కొత్త గేటు గురించీ ఎంతసేపు మాట్లాడుకున్నామో! ఒక్క ముక్క కూడా ఫోటో తీయడానికి పనికొచ్చేది కాదు.

కాబట్టి నా వాదనలో మార్పేం లేదు. అప్‌డేట్ గొప్పదే. వాళ్ళు పెట్టిన అన్ని ఫోటోల్లోనూ నాకు ఓడ కనిపించింది, సముద్రం కనిపించింది, అల్లుడిగారి పాదాలు కూడా కనిపించాయి. పిల్ల గొంతు వినాలంటే నేనే ఒకటి పెట్టాల్సి వచ్చింది.

కంగారుపడే తల్లిని చూసి పిల్లలు దాక్కుంటారు, స్థిమితంగా ఉన్న తల్లిని చూసి హడలిపోతారు. ఈ రహస్యం ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదు. అందుకే గట్టిగా నిర్ణయించుకున్నాను. రేపు కూడా గ్రూపులో హాయిగా ఉన్నానని రాస్తాను. ఎల్లుండి మరీ హాయిగా ఉంటాను. ఓడ ఒడ్డుకి చేరేదాకా మా అమ్మాయి రోజూ బెదిరిపోయి ఫోన్ చేసేంత ధైర్యంగా ఉండదలుచుకున్నాను.