లవోన్ తోటలో తుప్పు

ఆ శుక్రవారం ఉదయం ఆర్విడ్‌కి ఉన్న పని ఒక్కటే: ట్రక్కుకి రంగు వెయ్యడం. దాని పాత రంగంతా ఓపిగ్గా గీకి, ఇనుము తళతళలాడేలా రుద్ది పెట్టుకున్నాడు. మిన్నెసోటాలో చలికాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు జల్లుతారు కాబట్టి అక్కడి బళ్ళు యజమానుల కంటే ముందే ముసలివైపోతాయి. ఆర్విడ్ ట్రక్కు మాత్రం కాలేదు. పెళ్ళయిన కొత్తలో కొన్న, వెనక సామాన్లకి తొట్టి ఉన్న చిన్న బండి అది. వాన చినుకు పడితే చాలు, తువ్వాలు పట్టుకుని బయటికి పరుగెత్తేవాడు.

భార్య లవోన్ ఆ పొద్దున్నే డులూత్‌లో చెల్లెలింటికి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, "మొక్కలకి నీళ్ళు పొయ్యి. ఇంకేదీ ముట్టుకోకు. రేపు పొద్దున్నే బెర్నడీన్ గారు తోట చూడ్డానికొస్తారు. నేనూ అప్పటికి వచ్చేస్తాను," అని మరీ మరీ చెప్పింది. బెర్నడీన్ ఊరి తోటల సంఘానికి అధ్యక్షురాలు. ఏటా జూలైలో ఆ సంఘం మంచి తోటలు ఎంచి ఊరందరికీ చూపిస్తుంది. లవోన్ తోట ఏళ్ళ తరబడి ఆ లెక్కలోకి రాకుండానే మిగిలిపోతోంది. ఈసారి పూలమళ్ళ చుట్టూ ఇనుప పలకలు పాతించి, మధ్యలో గులకరాళ్ళు పరిచి, ఆశంతా వాటి మీదే పెట్టుకుంది.

నీళ్ళు పోద్దామని వెళ్ళిన ఆర్విడ్ పూలమళ్ళ దగ్గరే ఆగిపోయాడు. కొత్త పలకలన్నీ ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి. అమ్మినవాడెవడో లవోన్‌ని నిలువునా ముంచాడనుకున్నాడు. ట్రక్కు కోసం తెచ్చిన వెండి రంగు డబ్బా వంక చూశాడు, పలకల వంక చూశాడు, నిట్టూర్చి గరుకు కాగితం అందుకున్నాడు. భార్య మీద అంత ప్రేమ పొంగి చాలాకాలమైంది.

మధ్యాహ్నానికి డబ్బా ఖాళీ అయింది, పలకలు స్టీలు గిన్నెల్లా మెరిశాయి. పక్కింటి డ్వేన్ కంచె మీద మోచేతులు ఆనించి చాలాసేపు చూశాడు.

"ఏంట్రా ఇది?"

"తుప్పు వదలగొట్టాను."

"ఒరేయ్, అది తుప్పు పట్టడం కోసమే కొన్న ఇనుమురా. ఆ ఎరుపు రావాలనే మీ ఆవిడ రోజూ దానికి నీళ్ళు చిలకరిస్తోంది. నీకు చెప్పలేదా?"

చెప్పింది. భోజనాల దగ్గర ఏదో చెప్పినట్టే ఆర్విడ్‌కి ఇప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు రేడియోలో బేస్‌బాల్ వస్తోంది.

"మరిప్పుడెలా?"

"తుప్పుదేముంది? థిన్నర్‌తో రంగు కడిగేసి వెనిగర్, పెరాక్సైడ్, ఉప్పు కలిపి కొట్టు. గంటలో ఎర్రబడుతుంది."

చలికాలం మిగిలిపోయిన ఉప్పు బస్తా గరాజులో ఉండనే ఉంది. ఆర్విడ్ సరంజామా అంతా ట్రక్కులో వేసుకుని మళ్ళ మధ్యదాకా తోలుకెళ్ళాడు. రంగు కడిగి, మందు కొట్టడం మొదలుపెట్టాడు. కడిగిన చోట జిడ్డు పోక, పలకలు బొల్లి వచ్చినట్టు అక్కడక్కడే ఎర్రబడ్డాయి. దాంతో ఉప్పు రెట్టింపు చేశాడు. గాలి ట్రక్కు వైపు వీస్తోందని ఇద్దరిలో ఎవరూ చూసుకోలేదు.

"ఇంత ఉప్పు పడితే మొక్కలు బతుకుతాయంటావా?" అన్నాడు డ్వేన్ తీరిగ్గా.

ఆర్విడ్ కంగారుగా గొట్టం తెచ్చి మళ్ళన్నీ కడిగాడు. నేల బురదైపోయింది. ట్రక్కు ఇరుసుల దాకా దిగబడింది.

"సోమవారం ట్రాక్టర్ తెచ్చి లాగుతాలే," అన్నాడు డ్వేన్.

"రేపు పొద్దున్నే కావాలిరా."

"రేపు చేపలకి వెళ్తున్నా," అన్నాడు డ్వేన్. ఆ ఊళ్ళో చేపల వేట అంటే ఇక ఆ మాటకి తిరుగు లేదు.

మర్నాడు ఆర్విడ్ లేచి చూసేసరికి, ఉప్పు నాకడానికి వచ్చిన జింకలు పనిలో పనిగా లవోన్ మొక్కలన్నీ మొదలంటా మేసి పోయాయి. వాటి నడుమ ట్రక్కు నఖశిఖపర్యంతం ఎర్రగా తుప్పు పట్టి నిలబడి ఉంది.

అంతలోనే లవోన్ కారు, దాని వెనకే బెర్నడీన్ కారు వచ్చి ఆగాయి. అతిథి కోసం తెచ్చిన నిమ్మకాయ మిఠాయి పళ్ళెం పట్టుకుని లవోన్ గేటు దగ్గరే కొయ్యబారిపోయింది.

"ఆర్విడ్," అంది.

"నీళ్ళు పోశాను," అన్నాడు ఆర్విడ్.

బెర్నడీన్ పలకలను ఎగాదిగా చూసింది. "ఇవి... వేరేగా ఉన్నాయమ్మా," అంది. ఆ ఊళ్ళో బాగోలేదని చెప్పడానికి అంతకంటే గట్టిగా ఎవరూ అనరు. లవోన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆర్విడ్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది.

బెర్నడీన్ ట్రక్కు చుట్టూ ఒకసారి తిరిగింది. మళ్ళీ తిరిగింది.

"ఇది మాత్రం అద్భుతం. సగం నేలలోకి దిగి, అసలిక్కడే మొలిచినట్టుంది. ఆ ఎరుపు నేనింకెక్కడా చూళ్ళేదు. చూపించే రోజున ఇది ఇక్కడే ఉంటుందా? ఉంటే మీ తోట ఖాయం చేసేస్తాను."

ఆ బండి ఆర్విడ్‌కి ఏమిటో లవోన్‌కి తెలుసు. "అది ఆయన ట్రక్కండీ. ఎలాగోలా బయటికి తీసి..." అని మొదలుపెట్టింది.

ఆర్విడ్ జింకలు మేసేసిన మళ్ళ వంక చూశాడు, ఆవిడ చేతిలోని మిఠాయి పళ్ళెం వంక చూశాడు.

"ఇక్కడే ఉంటుందండీ," అన్నాడు. "లవోన్ ఆలోచనే అది."

జూలై వచ్చేసరికి ట్రక్కు వెనక భాగం నిండా పెటూనియాలు పూశాయి. రోజూ పొద్దున్నే దానికి నీళ్ళు పోసేది ఆర్విడే.